పాత ఫ్రెంచ్ పూల జగ్గు: కొనేముందు ఏం చూడాలి, తెచ్చాక ఎలా కడగాలి

అన్నిటికంటే ముందు ఒక మాట. జగ్గు తెచ్చిన రోజే కడగొద్దు.

ఫ్రాన్స్‌లో ఉంటున్న మనవాళ్ళు, టూర్‌కి వచ్చి ఆదివారం సంతలో పూల జగ్గు చూసి ఆగలేకపోయినవాళ్ళు నాకు ఫొటోలు పంపి అడిగేవి రెండే ప్రశ్నలు: "ఇది ఒరిజినలేనా?", "ఈ గోధుమరంగు మరకలు ఎలా పోతాయి?" రెండో ప్రశ్న వచ్చేసరికి సగంమంది అప్పటికే బ్లీచింగ్‌లో నానబెట్టేసి ఉంటారు. అందుకే వరస తప్పకుండా మొత్తం ఒకచోట రాస్తున్నాను.

నేను మాట్లాడేది దాదాపు 30 సెంటీమీటర్ల ఎత్తుండి, పెద్ద పిడి, వెడల్పు మూతి, పొట్ట మీద గులాబీలో గడ్డిపూలో ఉండే జగ్గు గురించి. దీన్ని వాళ్ళు బ్రొక్ అంటారు. కొళాయిలు లేని రోజుల్లో పడకగదిలో ముఖం కడుక్కోవడానికి బేసిన్‌తో జతగా ఉండేది. సంతల్లో దొరికేవి ఎక్కువగా 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లోవి. చిన్నవాటిని పిషే అంటారు, వాటికీ ఇవే పద్ధతులు.

## 1. ముందు అది ఏ మట్టో తేల్చుకోండి

ఇది తెలియకపోతే మిగతా అడుగులన్నీ గుడ్డిగా వేసినట్టే.

జగ్గు తిరగేసి అడుగు అంచు చూడండి. గ్లేజు, అంటే పైనుండే నున్నటి పూత, లేకుండా మట్టి బయటికి కనబడే చోట వేలు తడిచేసి అద్దండి. తడి వెంటనే ఇంకిపోతే అది ఫైయాన్స్ జాతి, అంటే గుల్లమట్టి. ఇంకకుండా అలాగే నిలిస్తే గట్టిగా కాల్చిన మట్టి గానీ పోర్సలీన్ గానీ అయి ఉంటుంది. పోర్సలీన్ అయితే పల్చటి అంచు వెనక ఫోన్ టార్చి పెడితే వెలుగు కాస్త ఇవతలికి కనబడుతుంది, ఫైయాన్స్‌లో కనబడదు.

సంతలో దొరికే పూల జగ్గుల్లో ఎక్కువ భాగం గుల్లమట్టివే. అడుగున "తేర్ ద ఫెర్" అని రాసి ఉంటే ఇనుప మట్టి అని అర్థం గానీ అందులో ఇనుమేమీ లేదు, గట్టిదనం చెప్పుకోవడానికి పెట్టుకున్న పేరు. అది కూడా ఎంతోకొంత నీళ్ళు పీలుస్తుంది.

గుల్లమట్టి మీద గ్లేజు గాజుపొరలా ఉంటుంది. ఆ పొర ఎక్కడ చిట్లితే అక్కడినుంచి నీళ్ళు, నూనె, సబ్బు, మురికి అన్నీ లోపలికి పోతాయి. కాబట్టి మీరు చూసే మరక గ్లేజు పైన లేదు, కింద ఉంది. పైన ఎంత తోమినా పోకపోవడానికి కారణం అదే.

## 2. చేతిలో ఉండాల్సినవి

- పదిరెట్లు చూపించే చిన్న భూతద్దం
- ఫోన్ టార్చి
- నోట్లు చూసే చిన్న యూవీ టార్చి, చవకదే చాలు
- మెత్తటి పాత నూలు గుడ్డలు, దూది, చెవిపుల్లలు
- బేబీ టూత్‌బ్రష్, రెండు వెదురు పుల్లలు
- ప్లాస్టిక్ టబ్బు (స్టీల్ సింకులో ఎప్పుడూ వద్దు, చెయ్యి జారితే అంతే)
- డిస్టిల్డ్ వాటర్
- హైడ్రోజన్ పెరాక్సైడ్, 3 శాతం లేదా 6 శాతం
- రబ్బరు గ్లౌజులు, వంటింటి ప్లాస్టిక్ ర్యాప్

డిస్టిల్డ్ వాటర్ ఫ్రాన్స్‌లో ఇస్త్రీపెట్టెల కోసమని సూపర్‌మార్కెట్‌లోనే అమ్ముతారు. మన దగ్గర ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్ళే అవి. అదే కొట్లో బ్యాటరీ యాసిడ్ కూడా అదే సైజు డబ్బాలో ఉంటుంది, కాబట్టి లేబుల్ చదవకుండా తెచ్చుకోవద్దు.

## 3. కొనేముందు పది నిమిషాలు

అమ్మేవాళ్ళు చూస్తున్నారని మొహమాటపడకండి. అక్కడ అందరూ ఇలాగే తిప్పి తిప్పి చూస్తారు. ఎత్తేటప్పుడు మాత్రం పిడి పట్టుకోవద్దు. ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి పొట్ట మీద.

వరస ఇది. మొదట పిడి పొట్టకి అతికే రెండు చోట్లు, ఎందుకంటే నీళ్ళ బరువంతా ఏళ్ళ తరబడి మోసింది ఆ రెండు చోట్లే. తర్వాత మూతి కొస, తర్వాత పై అంచు చుట్టూ వేలితో తడమడం, చివర అడుగు. టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా వేస్తే బీటలు, పూతలు నీడ వేసి బయటపడతాయి.

వల లాంటి సన్నగీతలు చూసి భయపడొద్దు, అవి గ్లేజు వరకే. బీట వేరు. అది ఒకే గీతగా పోతుంది, బయట ఉన్నచోటే లోపల కూడా కనబడుతుంది, గోరు తగిలి ఆగుతుంది. ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

తర్వాత అరచేతి మీద నిలబెట్టి గోరుతో మెల్లగా కొట్టండి. కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు చేసేదే. గుల్లమట్టి గంటలా ఖంగుమనదు, కాస్త మందంగానే మోగుతుంది, ఫర్వాలేదు. డబ్ అని చచ్చిన చప్పుడు వస్తే మాత్రం ఎక్కడో బీట ఉంది.

చివరగా జగ్గుని కోటు నీడలో పెట్టి యూవీ టార్చి వేయండి. తర్వాతెప్పుడో పూసిన రెసిన్, గమ్, పెయింటు చుట్టూ ఉన్న గ్లేజుకంటే వేరే రంగులో మెరుస్తాయి. మూతి కొస మొత్తం వేరుగా మెరిస్తే ఆ కొస కొత్తగా కట్టిందే.

టిక్ పెట్టుకోండి:

- పిడి రెండు అతుకుల దగ్గరా గీత లేదు
- అంచులో పెచ్చులు ఎన్ని, ఎక్కడ
- బీట లోపలా బయటా కనబడుతుందా
- పాత లోహపు కుట్లు ఉన్నాయా (ఉంటే అది పాతకాలపు రిపేరు, తీయొద్దు, వాటికదే ఒక అందం)
- యూవీలో తేడా మెరుపు ఎక్కడ
- లోపల వాసన ఎలా ఉంది

పిడి దగ్గర బీట ఉంటే నేను కొనను. అంచుకి చిన్న పెచ్చు ఊడితే పట్టించుకోను.

## 4. అడుగున ముద్ర చదవడం

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. ముద్ర ఉందని పాతదీ కాదు, లేదని నకిలీ కాదు. జత సెట్టులో బేసిన్‌కి మాత్రమే ముద్ర పడి జగ్గు ఖాళీగా ఉండటం మామూలే.

తరచూ కనబడేవి కొన్ని. తూర్పున లొరేన్ ప్రాంతంలోని సారగ్‌మీన్, ల్యూనెవిల్ ఫ్యాక్టరీలవి చాలా దొరుకుతాయి. ల్యూనెవిల్‌వి కెలెర్, గెరాఁ అనే ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలైన కె, జి లతో ఉంటాయి. క్రేయ్, మోంత్రో పేర్లు రెండూ కలిసి ఉంటే 1840 తర్వాతది, ఆ రెండు ఫ్యాక్టరీలు కలిసింది అప్పుడే. జియాన్ ముద్రలో మూడు బురుజుల కోట ఉంటుంది. బ్రిటనీలోని కెంపేర్‌వి చేత్తో వేసిన పూలకి పేరు, వాటి మీద హెచ్‌బీ అనో ఆన్రియో అనో ఉంటుంది.

సారగ్‌మీన్ ముద్రల్లో ఒక మెలిక ఉంది. ఆ ఊరు 1871 నుంచి 1918 దాకా జర్మనీ చేతిలో ఉంది. ఫ్రెంచ్ మార్కెట్ పోకుండా ఆ కంపెనీ సరిహద్దు ఇవతల దిగ్వాఁలో, విత్రి-ల-ఫ్రాన్స్వాలో ఫ్యాక్టరీలు పెట్టింది. దిగ్వాఁ, సారగ్‌మీన్ రెండు పేర్లూ ఒకే ముద్రలో కలిసి ఉంటే అది సాధారణంగా మొదటి ప్రపంచయుద్ధం తర్వాతది. "1870 నాటిది" అని అమ్ముతుంటే నవ్వుకుని ముందుకి నడవండి.

ముద్రలో "ఫ్రాన్స్" అని దేశం పేరుంటే సాధారణంగా 1891 తర్వాతది, ఎందుకంటే దిగుమతి సరుకు మీద దేశం పేరుండాలని అమెరికా చట్టం అప్పుడే అమల్లోకి వచ్చింది. ఇది ఒక గుర్తు మాత్రమే, రుజువు కాదు.

ముద్రలో సంవత్సరం ఉంటే అది ఫ్యాక్టరీ పుట్టిన ఏడాది అయి ఉండొచ్చు. జియాన్ ఫ్యాక్టరీ 1821లో మొదలైంది. ఆ అంకె చూసి జగ్గుకి రెండువందల ఏళ్ళని మురిసిపోవద్దు. మట్టిలో గుచ్చినట్టుండే విడి అంకెలు, అక్షరాలు చాలాసార్లు అచ్చు నంబర్లో పనివాళ్ళ గుర్తులో, తేదీలు కావు.

## 5. పూలు ఎలా వేశారో చూడండి

భూతద్దం పెట్టి ఒక గులాబీ రేకు చూడండి. సన్నటి గీతలు, చుక్కలు కనబడి, పిడి కింద ఎక్కడో డిజైను అతుకు సరిపోకపోతే అది కాగితం మీదనుంచి దించిన అచ్చు. కుంచె మొదట్లో చిక్కగా, చివర్లో పల్చగా పోతే చేత్తో వేసింది. అంచులు కత్తిరించినట్టు ఉండి లోపల రంగు పొగలా చల్లినట్టుంటే స్టెన్సిల్ పెట్టి స్ప్రే కొట్టింది, 1920లు, 30ల జగ్గుల్లో ఇవి ఎక్కువ. అచ్చుపూలైతే తక్కువ అనుకోకండి, చాలా అందమైనవి అచ్చువే.

మీకు అసలు కావలసింది వేరే. రంగు గ్లేజు కిందుందా, పైనుందా? కళ్ళు మూసుకుని వేలితో తడమండి. పువ్వు దగ్గర నునుపు మారకపోతే రంగు కిందుంది, కడగడానికి భయం లేదు. కాస్త ఎత్తుగా తగిలినా, ఏటవాలు వెలుగులో పువ్వు మెరుపు వేరుగా కనబడినా రంగు పైనుంది. బంగారు గీత ఎప్పుడూ పైనే ఉంటుంది, కాబట్టి దాని మీద బ్రష్ వద్దు, పెరాక్సైడ్ వద్దు. నా మొదటి జగ్గుకి అంచున ఉన్న బంగారు గీతని స్కాచ్‌బ్రైట్‌తో నేనే తోమి పంపించేశాను.

## 6. బేరంలో వినబడే మాటలు

బ్రొకాంత్ అంటే పాతసామాన్ల వ్యాపారులు పెట్టే సంత, వీద్-గ్రెనియే అంటే ఇళ్ళవాళ్ళు అటకలు ఖాళీ చేసుకునేది. రెండో దాంట్లో చవక, పొద్దున్నే పోవాలి. పారిస్‌లో అయితే సాంత్-ఊఆఁ పెద్దది, ఖరీదు. వాన్వ్‌లో శని, ఆదివారాల పొద్దుటి సంత నాకు నచ్చుతుంది.

"ఫెలే" అంటే బీట ఉంది. "ఎక్లా" అంటే పెచ్చు. "రెకొలే" అంటే అతికించింది. "ఆన్ లెతా" అంటే ఉన్నదున్నట్టు, తర్వాత నన్నడక్కు అని. "దాన్ సొన్ జ్యూ" అంటే మాటకి మాట దాని రసంలోనే ఉందని, ఎవరూ కడగలేదు, బాగుచేయలేదు అని అర్థం. ఆ మాట వింటే నాకు సంతోషం, ఎందుకంటే పాడుచేసే మొదటి చెయ్యి ఇంకా పడలేదు.

## 7. ఇంటికి, ఇండియాకి తేవడం

లోపల నలిపిన కాగితం వదులుగా నింపండి, కుక్కొద్దు. పిడి మధ్య ఖాళీలో కూడా కాగితం పెట్టాకే బబుల్ ర్యాప్ చుట్టాలి. నేరుగా బిగించి చుడితే ఆ బిగువుకే పిడి ఊడుతుంది. పాత గ్లేజుకి బబుల్స్ నేరుగా తగలకుండా లోపల మెత్తటి కాగితం వేయండి. పంపిస్తుంటే పెట్టెలో పెట్టె, రెండిటి మధ్య నాలుగు పక్కలా కనీసం ఐదు సెంటీమీటర్ల మెత్తన. విమానంలో అయితే చేతిసంచిలోనే. బిల్లు, లేకపోతే అమ్మినవాళ్ళతో చేత్తో రాయించుకున్న చీటీ దగ్గర పెట్టుకోండి, కస్టమ్స్‌లో అడిగితే పనికొస్తుంది.

యానాంలోనో పుదుచ్చేరిలోనో పాత ఇంట్లో ఇలాంటిది ఉందని ఎవరైనా చెబితే దాన్నీ ఇదే వరసలో చూడండి. వందేళ్ళు దాటినదాన్ని మన దేశం నుంచి బయటికి తీసుకెళ్ళాలంటే మాత్రం ముందుగా పురావస్తు శాఖని అడగాల్సిందే.

## 8. కడగడం

రెండు రోజులు గదిలో ఊరికే ఉంచండి. ఈలోగా ఫొటోలు తీయండి, అడుగు, పిడి, బీటలు, అన్నీ.

ఒకటో అడుగు: అతుకు పరీక్ష. ఎక్కడైనా అతికించినట్టు అనుమానం ఉంటే నీళ్ళలో ముంచొద్దు. తడి చెవిపుల్ల ఆ గీత మీద ఒక నిమిషం ఆనించి చూడండి. జిగురుగా అయితే అది పాతకాలపు జంతువుల జిగురు, నీళ్ళకి కరిగిపోతుంది. నేనొకసారి ఈ పరీక్ష ఎగ్గొట్టి రాత్రి టబ్బులో నానబెట్టి పడుకున్నాను. పొద్దున పిడి పట్టుకుని ఎత్తితే పిడి ఒక్కటే వచ్చింది. పిడి పట్టుకోవద్దని చెప్పే మనిషినే నేను!

రెండో అడుగు: పొడి దుమ్ము. మెత్తటి బ్రష్‌తో దులపండి. దుమ్ములో ఇసుక ఉంటుంది, తడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి.

మూడో అడుగు: తడిగుడ్డ. గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కలు గిన్నెల లిక్విడ్. గుడ్డ పిండి, చిన్న చిన్న భాగాలుగా తుడవండి. వేడినీళ్ళు పోస్తే పాత గ్లేజు టక్కున చిట్లుతుంది.

నాలుగో అడుగు: లోపల అట్ట. అడుగున తెల్లగా కట్టిన ఉప్పునీళ్ళ పొరని తడిదూది పెట్టి గంటసేపు మెత్తబడనిచ్చి వెదురు పుల్లతో గోకండి. మొత్తం రాకపోతే వదిలేయండి, లోపల ఎవరు చూస్తారు?

ఐదో అడుగు: ఆరబెట్టడం. అందరూ తొందరపడేది ఇక్కడే. రెండు పుల్లల మీద బోర్లించండి, కింద గాలి ఆడాలి. పైన తడి అరగంటలో ఆరుతుంది, మట్టి లోపలిది ఆరడానికి వారం, వానాకాలమైతే విశాఖలోనో కాకినాడలోనో ఉన్నవాళ్ళకి రెండు మూడు వారాలు. ఆరకుండా అద్దాల బీరువాలో పెట్టి తలుపేస్తే బూజు వాసన ఖాయం.

వద్దన్నవి ఒకసారి:

- చింతపండు, నిమ్మకాయ, వెనిగర్: పులుపు పాత సీసపు గ్లేజుని తినేస్తుంది
- ఇత్తడి తోమే పొడి, పీచు, బూడిద
- బ్లీచింగ్, టాయిలెట్ క్లీనర్
- డిష్‌వాషర్, మైక్రోవేవ్

## 9. గోధుమరంగు మరకలు తీయడం

ముందు అవసరమా అని అడుగుతాను. సన్నగా అక్కడక్కడా ఉన్న మరక జగ్గుకి వయసిచ్చేదే, నేను చాలావాటిని అలాగే ఉంచాను. మరీ మురికిగా, వాసనగా ఉంటేనే ఇది చేయండి. బంగారు పూత, గ్లేజు పైన రంగు, పాత అతుకు, లోహపు కుట్లు వీటిలో ఏదున్నా చేయొద్దు.

పెరాక్సైడ్ బలం గురించి గందరగోళం ఎక్కువ. సీసా మీద 10 వాల్యూమ్స్ అంటే 3 శాతం, 20 వాల్యూమ్స్ అంటే 6 శాతం. ఫ్రెంచ్ ఫార్మసీలో దొరికేది సాధారణంగా 10ది, మన మందుల షాపులో 20ది. జుట్టు రంగుకి వాడే క్రీమ్ డెవలపర్ వద్దు, అందులోని మిగతా సరుకంతా మట్టిలో ఉండిపోతుంది.

1. జగ్గుని డిస్టిల్డ్ వాటర్‌లో ఒక పూట నానబెట్టండి. దీన్ని ఎగ్గొట్టొద్దు. మట్టి ముందే నీళ్ళు తాగి ఉంటే కరిగిన మురికి లోపలికి పాకకుండా బయటికి వస్తుంది. పొడి జగ్గు మీద పెరాక్సైడ్ వేస్తే మరక చుట్టూ కొత్త అంచు కడుతుంది.
2. గ్లౌజులు వేసుకుని, దూదిని 3 శాతం పెరాక్సైడ్‌లో తడిపి మరక మీద పరచండి. 6 శాతంది ఉంటే సమానంగా నీళ్ళు కలపండి.
3. పైన ప్లాస్టిక్ ర్యాప్ చుట్టి నీడలో పెట్టండి. బిగించి సీసాలోనో డబ్బాలోనో మూయొద్దు, గ్యాస్ వస్తుంది.
4. రోజూ దూది మార్చండి. తీసిన దూది గోధుమగా ఉంటే పని జరుగుతోంది. మూడు రోజులు, ఐదు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు.
5. రెండు రోజులు దూది తెల్లగానే వస్తే ఆపేయండి. మిగిలింది రాదు.
6. డిస్టిల్డ్ వాటర్‌లో మూడు రోజులు, రోజూ నీళ్ళు మారుస్తూ ఉంచండి. తర్వాత పైన చెప్పినట్టు ఆరబెట్టండి.

ఆరాక మరక మళ్ళీ కాస్త పైకి తేలితే గాబరా పడకండి, తడి ఆరుతూ లోపలి మురికిని పైకి తెచ్చింది. నెల ఆగి ఇంకోసారి చేయొచ్చు.

తుప్పు మరక, ఆరెంజ్ రంగులో ఉండేది, దీంతో పోదు. పెరాక్సైడ్‌లో ముంచి ఓవెన్‌లో పెట్టమని చెప్పే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. ఆ వేడికి గ్లేజు లేచిపోతుంది, ఓవెన్‌లో ఆ ఆవిరి మనిషికీ మంచిది కాదు.

## 10. అతికించడం

విలువైనదైతే రిస్టోరర్‌కి, అంటే పాత వస్తువులు బాగుచేసే నిపుణులకి ఇవ్వండి. మామూలుదైతే పారలాయిడ్ బీ-72 అనే రెసిన్ ట్యూబు తెచ్చుకోండి, తప్పుగా అతికినా ఎసిటోన్‌తో మళ్ళీ విప్పుకోవచ్చు. ఎపాక్సీ గమ్ గట్టిదే కానీ ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, విప్పడం కష్టం. ఒక హెచ్చరిక మనవాళ్ళకి మాత్రమే: బీ-72 నలభై డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. పారిస్‌లో సరే, మే నెలలో బెజవాడలో పై అంతస్తు గదిలో పెడితే అతుకు జారుతుంది. అతికించిన పిడిని ఏ గమ్ పెట్టినా మళ్ళీ బరువెత్తడానికి వాడొద్దు.

## 11. వాడకం

తాగడానికి వద్దు. పాత గ్లేజుల్లో సీసం ఉంటుంది, మజ్జిగ, నిమ్మరసం, పులుసు లాంటివి దాన్ని లాగేస్తాయి. సీసం చూసే చెవిపుల్ల కిట్లు దొరుకుతాయి, ఎర్రబడితే సీసం ఉన్నట్టే, ఎర్రబడకపోతే లేదని మాత్రం నమ్మొద్దు. పిల్లలకి నీళ్ళు పోసే ఆలోచన అసలే వద్దు.

పూలు పెట్టుకోవచ్చు, లోపల సన్నటి గాజు గ్లాసో ప్లాస్టిక్ డబ్బానో దించి నీళ్ళు దాంట్లో పోయండి. నేరుగా పోస్తే వలగీతల్లోంచి నీళ్ళు దిగి నెలలో కొత్త మరక మొదలు, కింద చెక్క టేబుల్ మీద గుండ్రటి తడిమచ్చ అదనం.

## 12. ఇప్పటికే తప్పు జరిగిపోయి ఉంటే

బ్లీచింగ్‌లో వేసేశారు. వెంటనే తీసి డిస్టిల్డ్ వాటర్‌లో వారం, రోజూ నీళ్ళు మార్చండి. ఆరాక తెల్లటి ఉప్పు పొడి పైకి వస్తే మెత్తటి బ్రష్‌తో దులిపి మళ్ళీ నానబెట్టండి. గ్లేజు పొరలుగా లేస్తుంటే ఆపి, అలాగే షెల్ఫ్‌లో పెట్టుకోండి.

ఫెవిక్విక్ రకం గమ్‌తో వంకరగా అతికించారు. లాగొద్దు. ఎసిటోన్‌లో తడిపిన దూది గీత మీద పెట్టి ర్యాప్ చుట్టి కొన్ని గంటలు ఉంచండి, మళ్ళీ మళ్ళీ. కిటికీలు తీసి, స్టవ్ దగ్గర కాకుండా. గ్లేజు పైన రంగు ఉన్నచోట ముందు ఒక మూల చూసుకోండి.

బూజు వాసన పోవట్లేదు. తడి ఇంకా లోపల ఉంది. ఫ్యాన్ కింద పది రోజులు బోర్లించండి, ఆ తర్వాత కూడా వస్తుంటే తొమ్మిదో అంకెలోని పెరాక్సైడ్ పని లోపలివైపు చేయండి.

కొత్త గీతలు టిక్ టిక్ మని చప్పుడుతో పడుతున్నాయి. ఏసీ గాలికి గానీ ఎండ పడే కిటికీకి గానీ ఎదురుగా పెట్టారు. అక్కడినుంచి తీసేయండి, చప్పుడు ఆగుతుంది, పడ్డ గీతలు మాత్రం పోవు.